ముద్ర కింద పొడి

కళింగరేవు పెట్టెల శాల, దినచర్య పుస్తకం
రాస్తున్నది: చింతాడ నీలవేణి, పెట్టెల ఎంపిక అధికారి

ఈశాన్య గాలి, 38వ రోజు

సెరోనా దీవికి వెళ్లాల్సిన నీటి పలకలు ఈ ఉదయం శాలకు చేరాయి. మొత్తం రెండువందల పన్నెండు పెట్టెలు. ఒక్కో పెట్టెలో నలభై పింగాణీ పలకలు, వాటి మధ్య కొబ్బరిపీచు. ఒకవైపు ఉప్పునీరు పోస్తే రెండోవైపు మంచినీళ్లు ఊరతాయి. దీవిలో ఉన్న పాత పలకలు బీటలిచ్చి ఏడాదైంది. అక్కడ మనిషికి రోజుకు నాలుగు చెంబుల నీళ్లు కొలిచి ఇస్తున్నారట.

ఓడ రేవులోనే ఉంది. తెరచాపలు దించి కుట్లు వేయిస్తున్నారు. అరవయ్యో రోజు దాటితే గాలి పడిపోతుంది. ఆ తర్వాత బయలుదేరిన ఓడ నడిసముద్రంలో నిలబడిపోతుంది. అందుకని ఓడ నడిపే సరంగు తాతారావు పొద్దున్నే వచ్చి, "పెట్టెలు ఎప్పటికి ఒగ్గుతావు సెల్లీ?" అని అడిగి వెళ్లాడు. నాలుగు రోజులన్నాను.

మామూలుగా చూసేవన్నీ చూశాను. రెండు పెట్టెల మూలల్లో బొటనవేలంత బెరడు మిగిలింది, చెక్కించాను. ఒక పెట్టెకు కొత్త చెక్క అతికి మరమ్మతు చేశారు గానీ పాత ముద్ర చెరపలేదు, చెరిపి తెమ్మని వెనక్కి పంపాను. పక్కలన్నీ ప్లైవుడ్. జిగురు వేసి మంట మీద నొక్కి చేస్తారు గనక అందులో ఏ పురుగూ బతకదు, ముద్ర అక్కర్లేదు. అడుగున బరువు మోసే ఆరు సరుగుడు దిమ్మెలకు మాత్రం బట్టీలో వేడెక్కించారని తెలిపే వేడి ముద్ర తప్పనిసరి. అన్నిటికీ ఉంది: కంకి బొమ్మ, రేవు పేరు, ఏడో నంబరు బట్టీ.

నూట నలభై మూడో పెట్టె అడుగు దిమ్మెకు ఆవగింజంత రంధ్రాలు నాలుగు కనిపించాయి. రంధ్రం తప్పు కాదు. చెట్టుగా ఉన్నప్పుడు తొలిచి ఉండొచ్చు, బట్టీలో చచ్చి ఉండొచ్చు. కానీ కింద నేల మీద చిటికెడు పొడి ఉంది, మెత్తగా, కొత్త రవ్వ రంగులో. తుడిచేసి, దిమ్మె కింద నల్లకాగితం పరిచాను.

39వ రోజు

కాగితం మీద మళ్లీ పొడి ఉంది.

దిమ్మెను ఊడదీయించి ఉలితో చీల్చాను. రెండంగుళాల లోతున సన్నని దారి, దారి చివర పురుగు. ఒళ్లు తెల్లగా, తల నల్లగా, చిటికెన వేలి గోరంత. గాలి తగలగానే ముడుచుకుంది. తర్వాత మెల్లగా కదిలింది.

పిండిపురుగు. బట్టీ ఎక్కిన చెక్కలో దాన్ని బతికుండగా చూడటం నాకు ఇదే మొదటిసారి. నేను పుట్టకముందే ఉద్దానంలో జీడితోటలూ పనసలూ ఇది తినేసింది. ఎక్కడినుంచో వచ్చిన యంత్రం తాలూకు పెట్టెలో దిగింది. ఆ పెట్టెను ఎవరో పొయ్యిలోకని తీసుకెళ్లి పెరట్లో పడేశారు. ఏడేళ్లలో పలాస నుంచి సముద్రం దాకా చెట్టు లేదు. ఇప్పుడు మాకున్నవి ఇసుక మీద మళ్లీ నాటిన సరుగుడు తోపులే. వాటికీ ఇది పడుతుంది గానీ చంపదు. సరుగుడుకు దీన్ని తట్టుకునే ఓపిక ఉంది. సెరోనాలో ఉన్న చెట్లకు లేదు. అక్కడి అడవి ఎన్నడూ దీన్ని ఎరగదు.

ఏడో బట్టీ సూరప్పడు మావది. నాకు చెక్క చూడటం నేర్పింది ఆయనే. దిమ్మె ముక్కను గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. "నా బట్టీది కాదమ్మీ," అన్నాడు. ముద్ర చూపించాను. వేలితో తడిమి చూశాడు. ఆ ముద్ర ఇనుము ఆయన చేతిలో పట్టుకునేదే, ఇంకెవరికీ ఇవ్వడు.

శాలకు వచ్చి ఒక్కో పెట్టె పక్కన బోర్లా పడుకుని దిమ్మెలకు చెవి ఆనించాడు. పురుగు కొరికే చప్పుడు ఆయనకు వినిపిస్తుంది. ఎండుటాకు గోటితో గీసినట్టు ఉంటుందని నాకు చెప్పేవాడు, నాకు ఎప్పుడూ వినిపించలేదు. అరవై పెట్టెలు విని, తొమ్మిదింటి మీద సుద్దతో గీత గీశాడు. ఆ తొమ్మిదీ చీల్చాం. ఎనిమిదింట్లో ఉంది.

40వ రోజు

ఇవాళ బట్టీలో కారణం తెలిసింది.

నియమం చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెక్క నడిబొడ్డున యాభై ఆరు డిగ్రీల వేడి, ఆగకుండా అరగంట. చెక్క పైన కాదు, బట్టీ గాలిలో కాదు, చెక్క నడిబొడ్డున. దానికోసం లావుపాటి దిమ్మెకు బెజ్జం వేసి, లోపల వేడి కొలిచే తీగ దించి, బెజ్జం మూసేయాలి. బట్టీకి రెండు తీగలుంటాయి. ఏడో బట్టీలో పోయిన నైరుతి గాలిలో ఒకటి తెగిపోయింది.

"కొత్తది పంపమని మూడుసార్లు రాసినాను," అన్నాడు మావ. "రానేదు. ఉన్నదాన్ని వాకిలి కాడ చెక్కల్లో పెట్టినాను. దిమ్మెలు లోపలికంటా ఉంటాయి కదా, తీగ అందదు. చెక్కలకి ఎక్కినాక ఇంకో గంట ఉంచితే దిమ్మెలకీ ఎక్కేస్తాది అనుకున్నాను."

"ఉంచినావా మావా, గంట?"

"మొదట్లో ఉంచినాను. తరవాత పెట్టెలు బేగి కావాలన్నారు," అన్నాడు.

ఒక దిమ్మెను వాకిలి దగ్గరికి జరిపి, ఉన్న ఒక్క తీగనూ దాని నడిమికి దించి బట్టీ వెలిగించాం. పాత విడతల లెక్కన చెక్కలు యాభై ఆరుకు చేరే వేళకు దిమ్మె నడిమి వేడి నలభై రెండు. గంట తర్వాత యాభై ఒకటి. మావ ఆ అంకెను చూస్తూ అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. ఆయనకు పాతికేళ్ల వయసులో తొంభై పనసచెట్లుండేవి. తన చేత్తో నరికి తగలబెట్టాడు. ఆ తర్వాతే బట్టీ పనిలో చేరాడు.

ఇంకొకటి కూడా ఇక్కడ రాయాలి. ప్రతి విడతకూ బట్టీ నుంచి వేడి పటం వస్తుంది. దాని మీద రెండు గీతలుండాలి, తీగకొకటి. ఏడు నెలలుగా ఏడో బట్టీ పటం మీద ఒకే గీత ఉంది. ఆ పటాలన్నిటి మీదా కింద ఉన్న సంతకం నాది. ఒకటే ఎందుకుందని నాకు ఒకసారి అనిపించింది. మావ పంపాడు కదా అని అడగలేదు.

41వ రోజు

ఈ ఏడు నెలల్లో మూడు ఓడలు సెరోనాకు వెళ్లాయి. అన్నీ కలిపి ఆరువందల నలభై పెట్టెలు. అన్నిటి కిందా ఏడో బట్టీ దిమ్మెలే.

సరంగు తాతారావును పిలిచి చెప్పాను. ఆయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని విన్నాడు.

"ఇప్పుడు పద్ధతి తెలిసింది కదా సెల్లీ. ఈ దిమ్మెలన్నీ ఊడదీసి, నాలుగు గంటలు సరిగ్గా కాల్చి, మళ్లీ బిగించేయండి. అయిదు దినాల పని. నేను బయల్దేరిపోతాను. అక్కడ జనాలు నీల్లు లేక సచ్చిపోతన్నారు."

"వెళ్లిపోయిన పెట్టెలు?"

"అయి ఎల్లిపోనాయి. ఆటిని మనం వెనక్కి తేగలమా? సెప్తే ఏటవుద్ది? మన రేవు ముద్ర సెల్లదంటారు. బట్టీల మీద మూడొందల కొంపలు బతుకుతన్నాయి. సెప్పకపోతే, ఏమో, ఆ దిమ్మెల్లో పురుగు ఎండకి సచ్చిపోయే ఉంటాదేమో."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మాటలో మూడు వంతులు నిజం. నేను మధ్యాహ్నం దాకా సెరోనాకు రాయాల్సిన కాగితం ముందు కూర్చున్నాను, ఒక్క అక్షరం పడలేదు. దిమ్మెలో పురుగు మూడేళ్లు బతుకుతుంది. అది సరంగుకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

42వ రోజు

సెరోనా రేవులో సరుకు దించుకునే అధికారి రోహిణీ సొక్కప్పడు. ఆమె ముత్తాతలు ఈ తీరం నుంచే వెళ్లారు. ఆమె తెలుగు బడిలో పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు. రేడియోలో ఎప్పుడూ ఆమె మాటలు వింటుంటే నాకు నవ్వు వచ్చేది. ఇవాళ రాలేదు.

ఆమెకు రేడియో కలిపి నేను మాట్లాడబోతుంటే సూరప్పడు మావ వచ్చి, "నానే సెప్తాను, ఇలాగివ్వు," అన్నాడు. బట్టీ పేరు, తన పేరు, తీగ సంగతి, నలభై రెండు డిగ్రీల సంగతి వరసగా చెప్పాడు. ఎక్కడా గొంతు తగ్గించలేదు. తర్వాత పటాల మీద సంతకం నాదేనని నేను చెప్పాను.

ఆమె బట్టీ నంబరూ అంకెలూ మళ్లీ అడిగి రాసుకుంది.

"మీరు చెప్పునది నాకు అర్థమైనది," అంది రోహిణి. "పెట్టెలు మా వద్ద లేవు. మా అడవిని నరకరాదు, అందుచేత ఇక్కడ కర్ర కొరత. పెట్టె ఖాళీ అయిన వెంటనే ప్రజలు తీసుకొనిపోతారు. నా ఇంటిలో మంచమునకు నాలుగు కాళ్లు మీ దిమ్మెలే. మా పాఠశాలలో బల్లలు కూడా."

"మంచం కింద పొడి కనిపించిందా అమ్మా?" అని అడిగాడు మావ.

"నేను ప్రతి దినము ఊడ్చుచున్నాను," అంది ఆమె. "ఇసుక అనుకొన్నాను."

ఆ తర్వాత ఆమె గొంతు అధికారి గొంతైంది. ఈ సంగతి కాగితం మీద పంపమంది. ఇవాళ్టి నుంచి మా రేవు ముద్ర ఉన్న ఏ చెక్కనూ దీవిలో దించనివ్వరు. నీటి పలకలు మాత్రం కావాలి. "చెక్క లేని పెట్టెలో పంపుడు. లేనిచో ముద్ర అవసరము లేని చెక్కలో పంపుడు. నీళ్లు తప్పక కావలెను, నీలవేణి గారూ."

కాగితం రాసి పంపాను. అన్ని రేవులకూ నకళ్లు వెళ్లాయి. సాయంత్రానికి ఏడు బట్టీలూ ఆరిపోయాయి.

45వ రోజు

దిమ్మెకు బదులు ఏమిటన్నదే మూడు రోజులుగా పని. పింగాణీ బరువుకు ఒక్కో పెట్టె ఆరుగురు మోసేంత ఉంటుంది. అడుగున దిమ్మె లేకపోతే ఓడలోకి ఎత్తలేం.

ఇనుము దొరకదు. వెదురు బలంగానే ఉంది, కానీ దాని కణుపుల్లో వేరే పురుగులుంటాయి, దానికి వేరే అనుమతి కావాలి, అది రావడానికి ఒక గాలి కాలమంతా పడుతుంది. రంపపు పొట్టుకు జిగురు కలిపి వేడిలో నొక్కిన దిమ్మెలు ఒక గోదాములో దొరికాయి. నియమం ప్రకారం వాటికి ముద్ర అక్కర్లేదు. సంతోషపడి ఒకదాన్ని ఉప్పునీటి తొట్టెలో వేసి మూతపెట్టాను. మర్నాటికి అటుకుల్లా ఉబ్బి, చేత్తో నొక్కితే రాలిపోయింది. ఓడ అడుగున ఎప్పుడూ చెమ్మే.

ఇవాళ ప్లైవుడ్ ముక్కలు అయిదు ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికి, రెండు వైపులా మేకులు కొట్టి దిమ్మె చేశాం. ఆరు దిమ్మెల మీద పెట్టె ఎక్కించి, తాడుతో మూరెడు ఎత్తి వదిలాం. ఒకటి మూల విరిగింది. పొరలను అడ్డం ఒకటి, నిలువు ఒకటి మార్చి అతికాం. మళ్లీ వదిలాం. నిలబడింది. నీళ్లలో వేసినదీ ఉబ్బలేదు.

అలాంటివి వెయ్యిన్ని రెండువందల డెబ్బై రెండు కావాలి. శాలలో ఉన్న ప్లైవుడ్ సగానికి కూడా రాదు.

48వ రోజు

బట్టీల వాళ్లు వచ్చారు. పని పోయిన వాళ్లు. ముందు వరుసలో బోనెల రాజేశ్వరి ఉంది, మూడో బట్టీలో పద్దెనిమిదేళ్లుగా చెక్క పేర్చిన మనిషి.

"మా బట్టీలో రెండు తీగలూ ఉన్నాయి," అంది. "మేం ఒక్కనాడూ తప్పు కాల్చలేదు. మా నోట మన్నెందుకు కొట్టినావు?"

రేవు ముద్ర ఒక్కటే, బట్టీ నంబరు ఏదైనా దూరంలో ఉన్నవాళ్లు నమ్మేది రేవునే, అని చెప్పాను. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు.

సూరప్పడు మావ లేచి నిలబడ్డాడు. "ఆ గుంటపిల్ల ఏటీ సేయనేదు రాజేశ్వరీ. సేసింది నాను. తిట్టు."

ఆమె తిట్టింది. గట్టిగా, చాలాసేపు, ఆయన పెళ్లానికి కూడా ఇంత తిట్టే హక్కు లేదన్నంతగా తిట్టింది. ఆయన కదలకుండా విన్నాడు. తిట్టడం అయ్యాక ఆమె మూలనున్న ప్లైవుడ్ దిమ్మెను కాలితో తోసి చూసింది.

"ఇలాగేనా అతుకుతారు? జిగురు అంచులకి రానేదు," అంది. కొంగు బిగించి కూర్చుంది.

49 నుంచి 54వ రోజు

పని ఎక్కువై రోజూ రాయడం కుదరలేదు. రేవు కచేరీ అడ్డుగోడలు విప్పాం. అన్నీ పాత ప్లైవుడ్డే. భోజనశాల పైకప్పు లోపలి పలకలు, నా గది తలుపు కూడా. తడిసినవీ చీకినవీ తీసేసి, మిగతావి కోశాం. దాదాపు నూరుమంది పనిచేశారు. వాళ్లలో కొందరు నాతో ఇప్పటికీ మాట్లాడరు.

ఒకరోజు మధ్యాహ్నం మావ నా పక్కన కూర్చుని, "నానూ ఓడెక్కుతాను," అన్నాడు.

"అరవై ఎనిమిదేళ్లు నీకు."

"అక్కడోల్లకి దాని సప్పుడు తెల్దు కదమ్మీ. మంచం కాడ పెట్టుకుని తొంగున్నారు, తెల్దు వాల్లకి. నాను ఇని సెప్తాను."

"వాళ్లు నిన్నేమైనా అంటే?"

"అంటారు," అన్నాడు.

రోహిణిని అడిగాను. ఒక రోజు తర్వాత జవాబు వచ్చింది: రానివ్వండి.

56వ రోజు

ఓడ బయలుదేరింది. రెండువందల పన్నెండు పెట్టెలు, ముద్ర ఒక్కదానికీ లేదు. తాతారావు నాకు దణ్ణం పెట్టలేదు, నవ్వనూ లేదు. కానీ తాడు విప్పేముందు ఒకసారి పెట్టెల దగ్గరికి దిగి, దిమ్మెలను చేత్తో తట్టి చూసుకున్నాడు. మావ ఒక సంచి, ఒక ఉలి తీసుకెళ్లాడు.

నైరుతి గాలి, 17వ రోజు

రోహిణి మాట్లాడింది. పలకలు అమర్చారు. ఏడు పగిలాయి, మిగతావి పనిచేస్తున్నాయి. మనిషికి రోజుకు పద్నాలుగు చెంబులు.

పాత పెట్టెలు ఆరువందల నలభైలో అయిదువందల తొంభై ఒకటి దొరికాయి. బల్లలు, మంచాలు, కోళ్లగూళ్లు, ఒక చర్చి తలుపు. అన్నీ రేవు ఒడ్డున తగలబెట్టారు. తన మంచాన్ని రోహిణి అందరికంటే ముందు తెచ్చి వేసిందట. మిగిలిన నలభై తొమ్మిది ఎక్కడున్నాయో తెలియదు. తూర్పు లోయలో మాత్రం చెట్లకు రంధ్రాలు కనిపించాయి.

"మీరు చెప్పకుండినచో మేము దీనిని రెండు సంవత్సరముల తరువాత చూచియుందుము. అప్పటికి పోవునది లోయ మాత్రమే కాదు," అంది ఆమె. "నేను మీ మీద కోపముగా ఉన్నాను. అయినను ఈ మాట చెప్పవలెను."

మరుసటి ఏడాది, ఈశాన్య గాలి, 11వ రోజు

మా ముద్ర ఇంకా తిరిగి రాలేదు. వచ్చే గాలి కాలంలో పరీక్షకు వస్తామన్నారు. ఈలోగా ప్లైవుడ్ దిమ్మెలు చేస్తున్నాం, రాజేశ్వరి చేతికింద ముప్ఫైమంది. మిగతావాళ్లలో చాలామంది ఇచ్ఛాపురం వైపు పనికి వెళ్లిపోయారు. అది నేను రాసిన కాగితం వల్లే. మళ్లీ రాయాల్సి వస్తే రాస్తాను. కానీ ఆ ఇళ్ల ముందు నుంచి నడిచేటప్పుడు తల ఎత్తి నడవడం నాకింకా చేతకావడం లేదు.

ఇవాళ రేడియోలో సూరప్పడు మావ మాట్లాడాడు. ఉత్తరపు అడవిలో నెలల తరబడి ఎరలు పెట్టారు, ఒక్క పురుగూ పడలేదు. తూర్పు లోయలో నాలుగువందల చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. అవి ఎక్కువగా సీమపనసలు, జనం తిండికి పెంచుకున్నవి. ప్రతి చెట్టుకూ ఆయన చెవి ఆనించి, విని, సుద్దగీత గీస్తే, ఊరివాళ్లు కొడతారు.

"మాటలంటన్నారా మావా?"

"మొదట్లో అన్నారు. పొన్నమ్మని ఒక ముసలామె ఉంది. ఆమెవి ఇరవై సెట్లు పోనాయి. నువ్వెవరు, ఎక్కడోడివి, నా సెట్లమీద గీత గీయడానికి అనడిగినాది. దీన్ని పంపినోన్ని నానే అని సెప్పినాను. ఇంట్లోకెల్లిపోయి తలుపేసుకున్నాది."

"మళ్లీ కనిపించిందా?" అని అడిగాను.

"నిన్న పొద్దుట నా కాడికొచ్చినాది. ఇలా రమ్మని ఇంటెనక్కి తీసుకెల్లినాది. అక్కడొక సెట్టుంది, గోడసాటున. మేం లెక్కెట్టిన వాటిలో నేదు. మొదలుకి ఎండుటాకులు కప్పి బెజ్జాలు దాసీసినాది. 'నీలాగే సెవి ఆనించి దీన్లో సప్పుడు నెల్లాళ్లుగా ఇంటన్నాను, ఇదొక్కటైనా ఉండనీ అని సెప్పలేదు' అంది ఆమె."

"మరి ఇప్పుడెందుకు చెప్పింది?"

"నానూ అదే అడిగినాను. నీది నువ్వు సెప్పినావు కదా, అంది. నాను ఇన్నాను. ఉందమ్మీ, లోపల. గొడ్డలి తెమ్మన్నాను. మొదటి దెబ్బ నాదేనంది. ఎత్తలేకపోనాది. నాను కూడా ఒక సెయ్యేసినాను."